సిక్లిడ్ చేపల కాపురం



రంగు చేపలు అమ్మే దుకాణం ముందు ఆగి చూడని పిల్లవాడు మన పట్టణాల్లో ఉండడేమో! పుట్టినరోజుకో, పరీక్ష పాసైనందుకో ఒక గుండ్రటి గాజు గిన్నె, అందులో రెండు చేపలు ఇంటికి వస్తాయి. మొదటి మూడు రోజులు ఇంటిల్లిపాదీ ఆ గిన్నె చుట్టూనే ఉంటారు. వారం తిరిగేసరికి నీళ్ళు తెల్లగా మసకబారుతాయి. పది పదిహేను రోజులకు ఒక చేప వెల్లకిలా తేలుతుంది. మర్నాడు రెండోది. "చేపలు మనకు అచ్చిరాలేదు" అనేసి పెద్దవాళ్ళు గిన్నెను అటక మీద పెట్టేస్తారు.

నిజానికి ఇందులో అచ్చిరావడం, రాకపోవడం అంటూ ఏమీ లేదు. ఆ చేపలు చాలావరకు విషం వల్ల చచ్చిపోతాయి. ఆ విషాన్ని ఎవరూ తెచ్చి కలపలేదు. అది చేపల ఒంట్లోంచే వచ్చింది. చెరువులో, నదిలో ఆ విషాన్ని ఎప్పటికప్పుడు విరిచేసే సూక్ష్మజీవులు కోట్లకొద్దీ ఉంటాయి. కొత్త గాజు గిన్నెలో అవి లేవు. అంతే తేడా!

కాబట్టి చేపల తొట్టిలో మొదట కాపురం పెట్టవలసింది చేపలు కావు, కంటికి కనబడని ఆ సూక్ష్మజీవులు. ఆ తర్వాతే చేపలు. ఈ ఒక్క సంగతి తెలిస్తే మీరు సిక్లిడ్ వంటి పోట్లాట చేపలను కూడా చక్కగా పెంచవచ్చు. అది ఎట్లాగో ఇప్పుడు తెలుసుకుందాం.

సిక్లిడ్‌లంటే ఏవి?

సిక్లిడ్ అనేది ఒక్క చేప పేరు కాదు, ఒక పెద్ద కుటుంబం పేరు. శాస్త్రజ్ఞులు ఇప్పటికి ఇందులో సుమారు 1700 జాతులను వర్ణించారు. ఆఫ్రికాలోని మలావీ సరస్సు ఒక్కదానిలోనే 500కు పైగా జాతులున్నాయి. దుకాణాల్లో మీరు చూసే ఏంజెల్, ఆస్కార్, డిస్కస్, ఫ్లవర్ హార్న్ చేపలన్నీ ఈ కుటుంబానివే.

ఈ కుటుంబంలోని ఒక చేప మీ అందరికీ తెలుసు. అదే తిలాపియా. జిలేబీ చేప అని కూడా అంటారు. దాని సొంత ఊరు ఆఫ్రికా. 1952లో మన దేశానికి తెచ్చారు. ఇప్పుడు కృష్ణానదిలోనూ, మన చెరువుల్లోనూ స్థిరపడిపోయింది. ఈసారి ఇంట్లో తిలాపియా కూర వండే రోజున, కోయక ముందు దాని ముట్టెను పరిశీలించండి. చాలా చేపలకు ముట్టెకు ఒక్కో పక్క రెండేసి ముక్కు రంధ్రాలు ఉంటాయి. సిక్లిడ్‌లకు ఒక్కొక్కటే ఉంటుంది. వీటికి ఇంకో విచిత్రం కూడా ఉంది. నోటిలోని దవడలు కాక, గొంతులో రెండో జత దవడలుంటాయి. పై దవడలతో మేతను పట్టుకుని, గొంతు దవడలతో నలిపి మింగుతాయి.

మన దేశానికి సొంతమైన సిక్లిడ్‌లు మూడే మూడు. మొదటిది కేరళలో 'కరిమీన్' అని పిలిచే ముత్యాల మచ్చల చేప. కేరళ ప్రభుత్వం దీన్ని 2010లో రాష్ట్ర చేపగా ప్రకటించింది. ఇది మన కోస్తా ఉప్పుటేరుల్లోనూ దొరుకుతుంది. రెండోది కర్ణాటక నదుల్లో ఉండే కెనరా జాతి. మూడోది ఆరెంజ్ క్రోమైడ్ అనే చిన్న నారింజరంగు చేప. ఇది దక్షిణ భారతంలోనూ, శ్రీలంకలోనూ ఉంటుంది. ఈ మూడింటికీ దగ్గరి బంధువులు ఎక్కడున్నాయో తెలుసా? సముద్రానికి ఆవల, మడగాస్కర్ దీవిలో! ఒకప్పుడు భారతదేశం, మడగాస్కర్ ఒకే భూఖండంగా కలిసి ఉండేవని మీరు భూగోళంలో చదివే ఉంటారు. ఆ భూఖండం చీలినప్పుడే ఈ చేపలూ విడిపోయాయని కొందరు శాస్త్రజ్ఞులంటారు. కాదు, తర్వాతి కాలంలో సముద్రం దాటి వచ్చాయని మరికొందరు వాదిస్తారు.

మీ ఊరి నీళ్ళు ఎలాంటివి?

చేపను ఎంచుకోకముందే నీటిని పరీక్షించాలి. ఎందుకంటే చేపకు తగిన నీటిని నెల నెలా తయారు చేయడం కష్టం. మన నీటికి తగిన చేపను తెచ్చుకోవడం సులభం.

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో చాలా చోట్ల బోరునీళ్ళు కఠిన జలం. సబ్బు త్వరగా నురగ రాదు. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. నీటిలో కరిగివున్న కాల్షియం, మెగ్నీషియం లవణాలే దీనికి కారణం. ఇటువంటి నీరు సాధారణంగా కొంచెం క్షార గుణం కలిగి ఉంటుంది. మీ పాఠశాల ప్రయోగశాలలో సార్వత్రిక సూచిక ఉంటే పి.హెచ్ విలువ చూడండి. 7 అయితే తటస్థం, 7 దాటితే క్షారం.

మనుషులు విసుక్కునే ఈ కఠిన జలం కొన్ని సిక్లిడ్‌లకు పరమానందం. మలావీ సరస్సు నీటి పి.హెచ్ సుమారు 7.8 నుంచి 8.6 దాకా ఉంటుంది. ఉప్పుటేరుల దగ్గర బతికే ఆరెంజ్ క్రోమైడ్ కూడా కఠిన జలంలో హాయిగా ఉంటుంది. అమెజాన్ నదికి చెందిన డిస్కస్‌కు మాత్రం మృదు జలం కావాలి. అది మొదటిసారి పెంచేవారికి తగదు.

కుళాయి నీళ్ళయితే ఇంకో జాగ్రత్త ఉంది. క్రిములు చావడానికి అందులో క్లోరిన్ కలుపుతారు. మనకు మేలు చేసే ఆ క్లోరిన్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. మనం పెంచదలచిన సూక్ష్మజీవులనూ చంపుతుంది. అందుకని కుళాయి నీటిని వెడల్పాటి పాత్రల్లో పోసి ఒక పగలూ ఒక రాత్రీ ఆరుబయట ఉంచాలి. తొందరగా కావాలంటే దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు మందును సీసా మీద రాసిన మోతాదులో కలపాలి. అందులో ఉండేది చాలావరకు మీ ప్రయోగశాలలోని 'హైపో', అంటే సోడియం థయోసల్ఫేటే. బోరునీటిని కూడా అప్పటికప్పుడు పోయకుండా కొన్ని గంటలు నిలవ ఉంచడం మంచిది. భూమి లోపలి నీటిలో ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది మరి.

తొట్టి ఎంత ఉండాలి?

గుండ్రటి గిన్నె పనికిరాదు. సిక్లిడ్‌లు తమకంటూ ఒక జాగా గీసుకుని కాపలా కాసే చేపలు. ఇరుకు పెడితే బలమైనది బలహీనమైన దాన్ని చంపేస్తుంది. కనీసం 90 సెం.మీ. పొడవు, 40 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. ఎత్తు గల తొట్టి కావాలి. అందులో 40 సెం.మీ. ఎత్తు వరకు నీరు పోద్దాం.

ఇప్పుడు ఒక లెక్క చేయండి. 90 × 40 × 40 = 1,44,000 ఘన సెంటీమీటర్లు. అంటే 144 లీటర్లు. లీటరు నీరు ఒక కిలో తూగుతుంది కాబట్టి నీటి బరువే 144 కిలోలు! దానికి గాజు, ఇసుక, రాళ్ళ బరువు కలపండి. ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు ఎక్కి కూర్చున్నంత బరువన్నమాట. చెక్క బల్లలూ, ప్లాస్టిక్ స్టూళ్ళూ దీనికి ఆగవు. గట్టి ఇనుప స్టాండు గాని, గోడకు కట్టిన బండ అరుగు గాని ఉండాలి.

నీరు అడుగును మాత్రమే కాదు, పక్క గోడలను కూడా నెడుతుంది. పైన ఒత్తిడి సున్న, అడుగున ఎక్కువ. సగటు లెక్క కడితే పొడవాటి అద్దం ఒక్కొక్కటి 72 కిలోల బరువంత బలాన్ని ఓర్చుకోవాలి. అందుకే 8 మి.మీ. మందం గల గాజుతో, పని తెలిసినవారి చేత తొట్టి కట్టించాలి. కట్టిన తర్వాత నీళ్ళు నింపి రెండు రోజులు ఆరుబయట ఉంచి, కారుతుందేమో చూసుకుని ఇంట్లో పెట్టండి. నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర వద్దు. నీరు వేడెక్కుతుంది, పాచి పడుతుంది.

ఇసుక, రాళ్ళు

ఒక గంపెడు నది ఇసుక తీసుకుని, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. తొట్టి అడుగున 4, 5 సెం.మీ. మందాన పరిస్తే చాలు.

రాళ్ళకు మనకు కొదవ లేదు. గ్రానైటు గుండ్లు, వాగు రాళ్ళు ఏవైనా పనికివస్తాయి. ఏ రాయి అయినా తొట్టిలో పెట్టే ముందు దాని మీద కాస్త నిమ్మరసం గాని, మీ ఉపాధ్యాయుల ఎదుట నాలుగు చుక్కల సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం గాని వేసి చూడండి. బుసబుస పొంగితే అది సున్నపురాయి. అది నీటి కాఠిన్యాన్ని ఇంకా పెంచుతుంది. పొంగకపోతే నిశ్చింతగా వాడవచ్చు. ఆమ్లం వేసిన రాయిని బాగా కడగడం మరచిపోకండి.

రాళ్ళు పేర్చడంలో ఒక కిటుకు ఉంది. సిక్లిడ్‌లు ఇసుకను నోటితో తోడి గుంటలు చేస్తాయి. ఇసుక మీద రాయి పెడితే కొన్నాళ్ళకు దాని కింద ఇసుక పోయి, రాయి ఒరిగి అద్దాన్ని పగలగొడుతుంది. కాబట్టి ముందు అడుగు గాజు మీద పల్చటి థర్మోకోల్ ముక్క వేసి, దాని మీద రాళ్ళు నిలబెట్టి, ఆ తర్వాత చుట్టూ ఇసుక పోయాలి. రాళ్ళ మధ్య చిన్న చిన్న గుహలు ఉండాలి. రెండు మూడు పగిలిన పూలకుండీలను బోర్లించినా సరే. తరిమే చేప కంటపడకుండా దాక్కోవడానికి చోటు లేకపోతే బలహీనమైన చేప బతకదు.

సరళాసాగర్ నేర్పే పాఠం

తొట్టికి గాలి పంపు, దానితో నడిచే స్పాంజి ఫిల్టర్ కావాలి. గాలి బుడగలు పైకి పోతూ నీటిని స్పాంజి గుండా లాగుతాయి. మురికి స్పాంజికి అంటుకుంటుంది. ఇసుక కింద అమర్చే ఫిల్టర్లు ఈ చేపలకు కుదరవు. అవి ఇసుకను తోడేస్తాయి కదా! కరెంటు పరికరాల పని పెద్దల సాయంతోనే చేయాలి. తొట్టిలో చెయ్యి పెట్టేముందు అన్నిటినీ ఆపివేయాలి.

గాలి పంపును తొట్టి నీటిమట్టం కంటె పైన అమర్చాలి. కింద పెడితే ఏమవుతుంది? కరెంటు పోగానే గొట్టంలోకి నీరు ఎక్కి, అటు వైపు దిగి, పంపులోకి కారుతుంది. పంపు పాడవుతుంది, తొట్టిలో నీరు తగ్గుతుంది, షాకు కొట్టే ప్రమాదమూ ఉంది. ఇదే సైఫన్ సూత్రం. నీరు నిండిన గొట్టం బయటి చివర, తొట్టిలోని నీటిమట్టం కంటె కిందికి ఉన్నంతసేపు నీరు గట్టు దాటి ప్రవహిస్తూనే ఉంటుంది.

ఈ సూత్రాన్ని ఒక జలాశయానికే వాడిన చోటు మన దగ్గరే ఉంది. వనపర్తి జిల్లా మదనాపురం మండలంలోని సరళాసాగర్. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరిట దీన్ని తలపెట్టారు. 1949లో పునాది పడింది. 1959లో పూర్తయింది. అక్కడ నీరు నిర్ణీత మట్టానికి చేరగానే గేట్లు ఎత్తే మనిషి లేకుండానే, కరెంటు లేకుండానే సైఫన్లు తమంత తాము పనిచేసి నీటిని కిందికి వదులుతాయి. మట్టం తగ్గి సైఫన్ లోపలికి గాలి చొరగానే ఆగిపోతాయి.

గాలి పంపుకు శత్రువైన ఈ సైఫన్, తొట్టిని శుభ్రం చేసేటప్పుడు మనకు మిత్రుడు. రెండు మీటర్ల ప్లాస్టిక్ గొట్టాన్ని నీటితో నింపి, రెండు చివరలనూ వేళ్ళతో మూసి, ఒక చివర తొట్టిలో, రెండోది కింది బకెట్‌లో పెట్టి వదిలితే అడుగు మురికి అంతా బకెట్‌లోకి వస్తుంది. నోటితో పీల్చకండి సుమా! ఆ నీరు కడుపులోకి పోవడం మంచిది కాదు.

కనబడని కాపురం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చేపలు తిన్న మాంసకృత్తుల్లోని నత్రజని ఎక్కువ భాగం అమ్మోనియాగా మారి, మొప్పల ద్వారా నీటిలోకి పోతుంది. తినకుండా మిగిలిన మేత కుళ్ళినా అమ్మోనియాయే పుడుతుంది. ఇదే ఆ విషం.

మీ పొలంలో యూరియా చల్లితే ఏమవుతుంది? నేలలోని సూక్ష్మజీవులు దాన్ని మొదట అమ్మోనియాగా, తర్వాత నైట్రైటుగా, చివరికి నైట్రేటుగా మారుస్తాయి. మొక్కజొన్నకు అందేది చాలావరకు ఈ విధంగానే. తొట్టిలోనూ అదే పని జరగాలి. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటు కూడా విషమే. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని రూపంలోకి మార్చివేస్తుంది. చేప నీళ్ళలో ఉండి కూడా ఊపిరాడక చస్తుంది. అదృష్టవశాత్తూ ఇంకో రకం బాక్టీరియా ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు మోతాదు మించనంతవరకు చేపలకు పెద్దగా హాని చేయదు. ఈ రెండు మెట్ల పనీ ఒక్కటే చేయగల బాక్టీరియా కూడా ఉన్నదని 2015లో బయటపడింది. అప్పుడు దాన్ని గుర్తించిన చోట్లలో చేపల పెంపకపు తొట్టికి అమర్చిన ఫిల్టర్ ఒకటి!

ఇక్కడ మన ప్రాంతపు పిల్లలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అంత హాని చేయని అమ్మోనియం అయాను, రెండోది ప్రాణాంతకమైన స్వేచ్ఛా అమ్మోనియా. నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు ఉన్నప్పుడు, పి.హెచ్ 7 అయితే మొత్తంలో విషరూపం నూటికి ఒక వంతు కంటె తక్కువ. అదే పి.హెచ్ 8 అయితే నూటికి ఏడు వంతులు! అంటే దాదాపు పది రెట్లు. మన కఠిన జలం సిక్లిడ్‌లకు నచ్చుతుంది, నిజమే. కాని అదే నీటిలో అమ్మోనియా కోరలు మరింత పదునుగా ఉంటాయి. కనుక మనం తొందరపడనే కూడదు.

పద్ధతి ఇది. తొట్టిలో ఇసుక, రాళ్ళు అమర్చి, నీరు నింపి, గాలి పంపు రాత్రింబగళ్ళు నడపండి. చేపలు ఉన్నాయనుకుని రోజూ ఒక చిటికెడు మేత వేయండి. అది కుళ్ళి అమ్మోనియా ఇస్తుంది. దాన్ని తినడానికి బాక్టీరియా చేరుతుంది. గాలి నుంచి, ఇసుక నుంచి అవి తమంత తామే వస్తాయి. ఏళ్ళ తరబడి ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఎవరి దగ్గరైనా ఉంటే, వారి ఫిల్టర్ స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చి మీ తొట్టిలో వేయండి. పెరుగుకు తోడు వేసినట్టే! పని ఇంకా త్వరగా సాగుతుంది.

అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటు పరీక్షించే ద్రావణాలు రంగుచేపల దుకాణాల్లో దొరుకుతాయి. పదిమంది పిల్లలు కలిసి ఒక పెట్టె కొనుక్కోవచ్చు. రెండు మూడు రోజులకు ఒకసారి పరీక్షించి, నోటుపుస్తకంలో రాసి, గ్రాఫు గీయండి. మొదట అమ్మోనియా గీత లేస్తుంది. అది పడిపోతుండగా నైట్రైటు లేస్తుంది. అదీ పడిపోయాక నైట్రేటు నిదానంగా పెరుగుతుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నకు వచ్చి, మేత వేస్తున్నా సున్నలోనే నిలిచిన రోజున మీ తొట్టి సిద్ధమైనట్టు. దీనికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

'ఆలస్యం అమృతం విషం' అన్నారు పెద్దలు. చేపల తొట్టి విషయంలో మాత్రం ఆలస్యమే అమృతం, తొందరే విషం!

ఏ చేపలు తేవాలి?

ఈ నాలుగైదు వారాల్లో చేపల గురించి ఆలోచించుకోండి. దుకాణంలో బొటనవేలంత ఉన్న ఆస్కార్ పిల్ల ముద్దుగా ఉంటుంది. కాని అది పెరిగి 30 సెం.మీ. దాటుతుంది. కరిమీన్ కూడా అంతే. ఫ్లవర్ హార్న్ రెండో చేపను దగ్గరకు రానివ్వదు. ఇవి మన తొట్టికి తగవు.

మన 144 లీటర్ల తొట్టికి ఈ మూడింటిలో ఏదో ఒక్క జాతిని ఎంచుకోండి. ఒకటి, ఆరెంజ్ క్రోమైడ్ పిల్లలు ఆరు. ఇవి పెరిగినా సుమారు 8 సెం.మీ. మించవు. రెండు, మలావీ సరస్సుకు చెందిన ఎల్లో ల్యాబ్ అనే పసుపు చేపలు ఆరు. ఆ సరస్సు చేపల్లో ఇవి కాస్త సాధువులు. మూడు, కన్విక్ట్ చేపల జంట. ఖైదీల దుస్తుల మాదిరి చారలుంటాయి కాబట్టి ఆ పేరు. ఇవి చిన్నవే గాని మహా పౌరుషం గలవి. జంట తప్ప మరో చేప వద్దు. నన్ను అడిగితే ఆరెంజ్ క్రోమైడ్‌నే సూచిస్తాను. అది మన దేశపు చేప, మన నీటికి తగిన చేప.

తొట్టి సిద్ధమైన రోజున చేపల సంచిని విప్పకుండా తొట్టి నీటిపై 20 నిమిషాలు తేలనివ్వండి. రెండు నీళ్ళ వేడిమీ సమానమవుతుంది. తర్వాత సంచి విప్పి, పావుగంటకు ఒక గ్లాసు చొప్పున తొట్టి నీటిని సంచిలో కలపండి. ఒక గంట తర్వాత చేపలను వలతో తీసి తొట్టిలో వదలండి. సంచిలోని నీటిని మాత్రం తొట్టిలో పోయకండి.

రోజూ, వారం వారం

రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత మేత చాలు. చేప ఎప్పుడూ ఆకలిగా ఉన్నట్టే మీదికి వస్తుంది. దాని మాట నమ్మకండి! మిగిలిన మేత అంతా అమ్మోనియాయే.

వారానికి ఒకసారి నాలుగో వంతు నీరు మార్చాలి. 144లో నాలుగో వంతు 36 లీటర్లు. అంటే 12 లీటర్ల బకెట్లు మూడు. సైఫన్‌తో పాత నీరు తీసి, నిలవ ఉంచిన కొత్త నీరు పోయాలి. తీసిన నీటిని మురుగులో పారబోయక పూలమొక్కలకు పోయండి. అందులోని నైట్రేటు వాటికి ఎరువు. స్పాంజిని కుళాయి కింద కడగకూడదు, సబ్బు అసలే తగలకూడదు. తొట్టిలోంచి తీసిన నీటిలోనే నాలుగుసార్లు పిండి మళ్ళీ పెట్టండి. మన కనబడని కాపురస్థులు దాన్ని అంటిపెట్టుకునే ఉంటారు కదా!

ఎండాకాలం మనకు అసలైన పరీక్ష. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలదు. 30 డిగ్రీల వద్ద ఏడున్నర మిల్లీగ్రాములే. ఏప్రిల్, మే నెలల్లో తొట్టిపై మూత తీసి దోమతెర కప్పి, ఫ్యాను గాలి నీటిపై తగిలేలా పెడితే నీరు ఆవిరవుతూ చల్లబడుతుంది. కుండలో నీరు చల్లబడేది కూడా ఇట్లాగే. కరెంటు గంటలకొద్దీ పోతే చెంబుతో నీటిని ఎత్తి ఎత్తి పోస్తుండండి. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఉంటే మరీ మంచిది.

చూడవలసిన వింత

ఇంత శ్రమ పడితే ఫలితం ఏమిటి? చేపల్లో చాలా జాతులు గుడ్లు పెట్టి తమ దారిన తాము పోతాయి. సిక్లిడ్‌లు అట్లా కాదు. ఆరెంజ్ క్రోమైడ్‌లలో ఒక ఆడ, ఒక మగ జతకట్టి, ఒక రాతిని గాని, కుండీ పెంకును గాని నోటితో శుభ్రం చేసి, దానిపై గుడ్లు పెడతాయి. ఇద్దరూ వంతులవారీగా కాపలా ఉండి వాజాలతో విసరుతూ గుడ్లకు తాజా నీరు అందిస్తారు. పిల్లలు వచ్చాక వాటిని ముందే తవ్వి ఉంచిన గుంటల్లోకి మారుస్తారు. పిల్లలు ఈదడం మొదలుపెట్టాక తల్లిదండ్రుల చుట్టూ మేఘంలా తిరుగుతాయి. ప్రమాదం వస్తే పెద్దచేప పొట్ట కింది నల్లటి వాజాలను టకటకా ఆడిస్తుంది. పిల్లలన్నీ దగ్గరికి చేరిపోతాయి. అంతేకాదు, పిల్లలు తల్లిదండ్రుల ఒంటిపై ఊరే జిగురును కొరికి తింటాయి. ఇంచుమించు పాలు తాగడమే!

ఈ జంట పిల్లలను కాసే రోజుల్లో మిగిలిన నాలుగింటిని దరిచేరనివ్వదు. వాటిని వేరే తొట్టిలోకి మార్చడం మంచిది.

తిలాపియా ఇంకో దారి పట్టింది. మొజాంబిక్ తిలాపియా ఆడచేప గుడ్లను, ఆ తర్వాత పిల్లలను కూడా తన నోటిలోనే దాచుకుని కాపాడుతుంది. ఎల్లో ల్యాబ్ తల్లి కూడా అంతే.

చివరగా ఒక హెచ్చరిక

కొన్నాళ్ళకు చేపలు ఎక్కువైతేనో, మీకు పెంచడం కుదరకపోతేనో ఏం చేస్తారు? 'పాపం, బతకనీ' అని ఊరి చెరువులోనో, జూరాల జలాశయంలోనో వదిలేద్దామనిపిస్తుంది. అది దయ కాదు, పెద్ద అపకారం.

దుకాణాల్లో 'తొట్టి శుభ్రం చేసే చేప' అని అమ్మే దక్షిణ అమెరికా సకర్ చేప ఇట్లాగే బయటపడింది. జాలరులు దాన్ని దెయ్యం చేప అంటారు. దాని ముళ్ళకు వలలు చిరుగుతాయి. తినడానికీ పెద్దగా పనికిరాదు. అది మన నీళ్ళలో ఎంతవరకు పాకిందో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటిలో మిగిలే డి.ఎన్.ఎ. జాడలను బట్టి పరిశోధించారు. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు కథ ఇంకా విషాదం. 1950ల నుంచి అందులో నైలు పెర్చ్ అనే పెద్ద వేటచేపను వదిలారు. లోకంలో మరెక్కడా లేని సిక్లిడ్ జాతులు ఎన్నో, వందల సంఖ్యలో, అక్కడ కనుమరుగయ్యాయి. అక్కడ సిక్లిడ్‌లు బలి అయ్యాయి. ఇక్కడ తిలాపియా అనే సిక్లిడే పరాయి నీళ్ళలో చొరబడి స్థానిక చేపల మేతకూ, చోటుకూ పోటీ వస్తున్నది. చేపలో తప్పు లేదు. దాన్ని చోటు మార్చిన మనిషిదే బాధ్యత.

కాబట్టి ఎక్కువైన చేపలను దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా తొట్టి సిద్ధం చేసుకున్న స్నేహితునికి ఇవ్వండి. సందేహాలుంటే వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. మీ ఉపాధ్యాయులతో కలిసి వెళ్ళి అక్కడి అధ్యాపకులను అడగండి. మన కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. కృష్ణమ్మ నీళ్ళు దానివీ, దాని తోడి చేపలవీ. గాజు తొట్టిలోని కాపురం గాజు తొట్టిలోనే సాగాలి.